దయ్యం యెక్కడినుంచి వచ్చింది?

అభ్యుదయ రచయిత దయ్యాల కథ రాయవచ్చునా అన్న ప్రశ్న మన చర్చల్లో అప్పుడప్పుడు తలయెత్తుతూనే వుంటుంది. దయ్యం మూఢనమ్మకమనీ, మూఢనమ్మకం పాలకవర్గాలకు అండ అనీ, కనుక వాస్తవిక సాహిత్యంలో దానికి చోటు లేదనీ కొందరి వాదన. వినడానికి సూటిగానే వుంది. కాని అమెరికన్ నీగ్రో జాతి రచయిత్రి టోనీ మారిసన్ 1987లో ప్రచురించిన ‘బిలవెడ్’ నవల ముందు ఆ వాదన నిలవదు.

కథాకాలం 1873. ఒహైయో రాష్ట్రంలో సిన్సినాటి శివారున 124 నంబరు యిల్లు. అందులో పద్ధెనిమిదేళ్ళ డెన్వర్, ఆమె తల్లి సెథ్, వాళ్ళతోపాటు ఒక పసిబిడ్డ దయ్యం. ఆ బాధ పడలేక అన్నలిద్దరూ యిల్లు వదిలి పారిపోయారు. నాయనమ్మ కన్నుమూసింది. యిరుగుపొరుగు ఆ గడప తొక్కరు. తన అక్క యెట్లా చనిపోయిందో డెన్వర్‌కు యింట్లో యెవరూ నోరు విప్పి చెప్పలేదు. యేడేళ్ళ వయసులో బడిలో తోటి పిల్లవాడు ఆ మాట అడిగాడు. ఆమె వచ్చి తల్లిని అడిగింది. జవాబు వినలేక రెండేళ్ళపాటు చెవిటిదైపోయింది. దయ్యంకన్నా ముందు ఆ పిల్లను పట్టి పీడించింది యీ మౌనమే.

ఆ మరణ రహస్యమేమిటి? కెంటకీలోని బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన సెథ్‌ను, పిల్లలను పట్టుకుపోవడానికి యజమాని మనుషులు వచ్చిననాడు, బిడ్డల్ని మళ్ళీ ఆ నరకానికి పంపలేక తల్లే ఆ పసిదాని గొంతు కోసింది. యిది రచయిత్రి వూహించిన ఘోరం కాదు. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ గడ్డకట్టిన ఒహైయో నది దాటి సిన్సినాటి చేరి, పట్టుబడిన క్షణంలో యిదే పని చేసింది. ఆమెను హంతకురాలిగా విచారించాలా, పారిపోయిన ఆస్తిగా యజమానికి అప్పగించాలా అన్నది అప్పటి వివాదం. హంతకురాలని విచారిస్తే ఆమె మనిషి అని ఒప్పుకోవలసి వస్తుంది! 1850 నాటి పలాయిత బానిసల చట్టం ప్రకారం ఆమెను ఆస్తిగానే తిప్పి పంపారు. కనుక డెన్వర్ యింట్లో తిరిగే దయ్యం శ్మశానం నుంచి వచ్చింది కాదు, మనిషిని సరుకుగా లెక్కించిన చట్టం నుంచి వచ్చింది.

మన సినిమాల్లో దయ్యం సాధారణంగా ఒక దుర్మార్గుణ్ణి వెతికి చంపి శాంతిస్తుంది. ప్రేక్షకుడు తృప్తిగా యింటికి పోతాడు. అక్కడ నేరం వ్యక్తిది. దాన్ని పెంచి పోషించిన వ్యవస్థ చెక్కుచెదరదు. మారిసన్ ఆ దారి తొక్కలేదు. ఆమె దయ్యం యువతి రూపంలో తిరిగి వచ్చి, తల్లి ప్రేమనూ, తిండినీ, ప్రాణాన్నీ తోడేస్తుంది. తల్లి యెండిపోతుంది. అప్పుడు డెన్వర్ యేంచేసింది? మంత్రగాడి కోసం పోలేదు. యేళ్ళ తరబడి దాటని వాకిలి దాటి, చిన్ననాటి పంతులమ్మ దగ్గరకు పోయి పని అడిగింది. ఆనాటినుంచి యిరుగుపొరుగు స్త్రీలు గుడ్లో, చిక్కుడు గింజలో తెచ్చి పెరటిచివర మొద్దుమీద పెట్టిపోయారు. చివరికి ముప్పయిమంది స్త్రీలు గుంపుగా వచ్చి యింటిముందు గొంతు కలిపారు. దయ్యం పోయింది.

యిరుగుపొరుగును దేవతలుగా చిత్రించకపోవడం యీ నవలలోని నిజాయితీ. పద్ధెనిమిదేళ్ళ క్రితం ఆ యింటివాళ్ళు పెట్టిన విందుకు అసూయపడి, బానిసల వేటగాళ్ళు వస్తున్నారని ముందుగా హెచ్చరించనిది యీ జనమే. డెన్వర్‌కు పని యిచ్చిన తెల్లదొరలు బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్ళే. అయినా వాళ్ళ పెరటి గుమ్మం దగ్గర మోకరిల్లిన నీగ్రో బాలుడి బొమ్మ వుంటుంది. డెన్వర్ దాన్ని చూస్తుంది. సానుభూతికీ సమానత్వానికీ మధ్య దూరం యెంతో యీ ఒక్క బొమ్మ చెబుతుంది.

లోపాలు లేవని కాదు. నడుమ వచ్చే అంతరంగ కథనాల్లో యెవరి గొంతు యేదో తెలియక సామాన్య పాఠకుడు తికమకపడతాడు. పనిలో చేరిన తర్వాతి డెన్వర్ జీవితం కొద్ది పేజీల్లోనే ముగిసిపోవడం మరింత పెద్ద కొరత. నవలలో రేపటివైపు నడిచేది ఆమె ఒక్కతే. ఆమెను మరికొంత దూరం అనుసరించవలసింది.

అయినా మన రచయితలు దీనినుంచి నేర్చుకోవలసింది చాలా వుంది. అకాలమరణం చెందినవాళ్ళు దయ్యాలై తిరుగుతారన్న నమ్మకం మన పల్లెల్లోనూ వుంది. దాన్ని వెక్కిరించి వూరుకోవడం తేలిక. ఆ మరణం యెందుకు సంభవించింది, దాన్ని గురించి యెవరు నోరు మెదపలేదు, ఆ మౌనం యే పసిమనసును నమిలేస్తున్నది అని అడగడం కష్టం. ఆ ప్రశ్నలు వేయగలిగిన రచయితకు దయ్యం కథ కూడా వాస్తవికతకు పనిముట్టే అవుతుంది.