కుక్కర్లలో తాలు

మిరపకాయ కల్లంలో ఎండేటప్పుడు చూడాలి మా అమ్మ చేతుల్ని. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. రొంపిచర్ల పక్క మా ఊళ్ళో మాఘం దాటేసరికి కల్లాలన్నీ ఎర్రచీరలు ఆరేసినట్టుండేవి. ఆ ఎరుపు అంచున ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరేవాళ్ళు. తాలంటే ఏందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పేపరు జిల్లా దాటి కూడా పోతుంది గనక చెబుతున్నా: రంగు తేలిపోయి పాలిపోయిన కాయ, మచ్చ పడ్డ కాయ. దాన్ని వేరే కుప్ప పోస్తారు, వేరే టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, తొక్కుతారు, మిర్చి యార్డులో వేరే ధరకు అమ్ముతారు.

అమ్మ కాయల వంక చూసేది కాదు. పక్కావిడతో ఊళ్ళో సంగతులు మాట్లాడుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఒక్కోసారి ఎర్రగా నిగనిగలాడే కాయ కూడా తాలు కుప్పలో పడేది. "బాగానే ఉందిగదమ్మా" అంటే దాన్ని తీసి నా చెవి దగ్గర ఊపేది. గింజ గలగలమనేది కాదు. "పైన ఎరుపేనే. లోపల బూజు" అనేది.

ఆ అమ్మే పోయిన నెల నరసరావుపేటలో ఒక సామాన్ల కొట్లో, పెట్టె మీద బొమ్మ చూసి కుక్కరుకు డబ్బులు తియ్యబోయింది.

కుక్కరు మా అమ్మాయి కోసం. ఉద్యోగమొచ్చి గుంటూరులో రూము తీసుకుంది. మనవరాలికి సామాను తనే కొనిపెట్టాలని అమ్మ పట్టు. కొట్టాయన తీసిన పెట్టె రంగు, దాని మీది అక్షరాల వంపు, పక్కన నవ్వుతున్న ఆడమనిషి, అన్నీ మా ఇంట్లో ఏళ్ళ తరబడి చూసిన పెట్టెలాగే ఉన్నాయి. పేరులో ఒక్క అక్షరం తేడా. అమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు. పేరును తను చదవదు, గుర్తుపడుతుంది, దూరం నుంచి నడకను బట్టి మనిషిని గుర్తుపట్టినట్టు. ఆ పెట్టెను తయారుచేసినవాడికి మా అమ్మలాంటి వాళ్ళ సంగతి బాగా తెలుసు. పీజీ చేసిన నేను కూడా రెండోసారి చూస్తేగాని పట్టుకోలేకపోయాననుకోండి, అది వేరే సంగతి.

"అదే కంపెనీ అండీ, పాత మోడలు" అన్నాడు కొట్టాయన. అక్షరం మీద వేలు పెట్టి చూపించాను. ఆయనేం కంగారు పడలేదు. "అది కావాలన్నా ఉందమ్మా, డబుల్ అయిద్ది. ఇదైతే అడిగి మరీ పట్టుకుపోతన్నారు" అన్నాడు.

ఆ రెండో మాటలో అబద్ధం లేదు. డూప్లికేటు కొనేవాళ్ళంతా మోసపోయినవాళ్ళు కాదు. తెలిసి కొనేవాళ్ళూ ఉన్నారు. కౌలు కట్టి, మందుల కొట్టు బాకీ తీర్చి, మిగిలినదాంట్లో ఆడపిల్లకు సారె పెట్టాలంటే సగం ధర మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. తక్కువ రకం సరుకు ఉండటం తప్పని నేననను. తాలు కూడా అమ్ముడుపోతుంది, కొనేవాడు తాలనే కొంటాడు. ఎర్రకాయ టిక్కీలో తాలు తొక్కి పైన నాలుగు దోసిళ్ళు మేలురకం పోసినప్పుడే గొడవ. తన పేరు తను పెట్టుకుని, ముద్ర వేయించుకుని, చౌకగా అమ్మే చిన్న కంపెనీ కుక్కరుకు నేను దండం పెడతాను. అయినా మిగతా సామానులో చెల్లినట్టు కుక్కరులో తాలు చెల్లదు. ఎందుకో చెప్పాలంటే మా నీళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ళ సున్నం బట్టీలు, మాచర్ల వైపు నాపరాళ్ళు, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, అన్నిటికీ మూలం ఆ రాయే. ఆ రాళ్ళ మధ్య నుంచి వచ్చే బోరు నీళ్ళలో కందిపప్పు వేస్తే ఒక పట్టాన ఉడకదు. నీళ్ళలోని కాల్షియం పప్పులో ఉండే పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది. మా నాయనమ్మ కట్టెల పొయ్యి మీద పొద్దున ఎక్కించిన పప్పు మధ్యాహ్నం దాకా గుగ్గిళ్ళలాగే ఉండేది. అందుకే కుక్కరు మా ఇళ్ళలోకి సోకుగా రాలేదు, ఆకలి మీద వచ్చింది. మన దేశంలో పేరున్న రెండు కుక్కరు కంపెనీలు, ప్రెస్టీజ్, హాకిన్స్, 1959 ప్రాంతంలో తయారీ మొదలుపెట్టాయి. మా ఊరికి అది చేరేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను.

అందులో జరిగేది చిన్న లెక్కే. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎంత మంట పెట్టినా వేడి అంతకు మించదు. ఆవిరిని బయటికి పోనీయకుండా బిగిస్తే ఒత్తిడి పెరిగి, నీళ్ళు 120 డిగ్రీల దాకా పోయి మరుగుతాయి. విజిల్ లేచే సమయానికి లోపల ప్రతి చదరపు సెంటీమీటరు మీదా అదనంగా సుమారు ఒక కిలో బరువు తోస్తుంటుంది. మూత ఇరవై సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, మొత్తం మూడు క్వింటాళ్ళ పైమాటే. మా లెక్కలో చెప్పాలంటే ఏడు మిర్చి టిక్కీలు. ఏడు టిక్కీల బరువంత బలం మూతను కింద నుంచి పైకి నెడుతుంటే, మనం ఆ పక్కనే నిలబడి తాలింపు వేసుకుంటుంటాం.

ఈ బలానికి ఎప్పటి నుంచో కాపలా ఉంది. లండన్‌లో ఉన్న ఫ్రెంచివాడు డెనీ పాపాఁ 1679లో ఎముకలను కూడా మెత్తగా ఉడికించే మూత బిగింపు పాత్ర చేశాక, ఒత్తిడి మితిమీరితే ఆవిరిని వదిలేసే వాల్వును కూడా దానికి పెట్టాడు. మన కుక్కరులో కాపలా మూడంచెలుగా ఉంటుంది. మొదటిది విజిల్. దాని గొట్టం పూడుకుపోతే రెండోది, మూత మీది సేఫ్టీ ప్లగ్: లోపల తొందరగా కరిగే లోహం ఉంటుంది, నీళ్ళింకిపోయి వేడి హద్దు దాటితే అది కరిగి దారి ఇస్తుంది. అదీ పని చెయ్యకపోతే, బయట మూత ఉండే చాలా రకాల్లో, మూత అంచున చిన్న కిటికీ ఉంటుంది. రబ్బరు అందులోంచి బయటికి ఉబ్బి ఆవిరిని పక్కకు వదిలేస్తుంది. లోపలి నుంచి బిగిసే మూతకు మరో సుగుణముంది. ఆవిరే దాన్ని అంచుకు నొక్కిపట్టి ఉంచుతుంది కాబట్టి ఒత్తిడి దిగేదాకా తెరుద్దామన్నా తెరుచుకోదు.

నకిలీ చేసేవాడు ఇవన్నీ పెడతాడు. పెట్టకపోతే అది కుక్కరులా కనపడదు. ప్లగ్ ఉంటుంది, కానీ దానిలో పోసిన లోహం కరగాల్సిన వేడికి కరుగుతుందా? కిటికీ గాడి ఉంటుంది, రబ్బరు దానిలోంచి ఉబ్బుతుందా? అంచు రేకు ఏడు టిక్కీలను ఆపుతుందా? ఇవేవీ కొట్లో తేలవు. పప్పు పొయ్యి మీద పెట్టి పక్కింట్లో మాటలకు కూర్చున్న రోజున తేలతాయి. నకిలీ విత్తనం ప్యాకెట్ కొన్న రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మొలక వస్తుంది, చెట్టు పెరుగుతుంది, కాపు రోజున అసలు సంగతి బయటపడుతుంది.

ఇంత చెబుతున్న నేను, మా ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి. మాది అసలైన కుక్కరే, బిల్లుతో సహా కొన్నది. మా నీళ్ళ సున్నం, పప్పు నురగ కలిసి గొట్టంలో తెల్లటి పెచ్చు కట్టేది. అమ్మ దాన్ని పుల్లతో పొడవటం మరిచిపోయేది. ప్లగ్ పోయేది. మళ్ళీ కొత్తది వేయించడం, మళ్ళీ పోవడం. మూడోసారి, సైకిల్ మీద "కుక్కర్లు, గ్యాసు పొయ్యిలు బాగుచేస్తాం" అని కేకేసుకుంటూ వచ్చే అతను ప్లగ్ ఉండాల్సిన చోట నట్టు, బోల్టు బిగించి, "ఇక జన్మలో పోదు పెద్దమ్మా" అన్నాడు. నిజమే, పోలేదు. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే లావు తీగ చుడతామే, అచ్చం అలాంటి మరమ్మతు. రెండేళ్ళు అందరం నిశ్చింతగా తిన్నాం.

ఒక రోజు అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వంటింట్లో టపాకాయ పేలినట్టయింది. మూడో కాపలా పని చేసింది. రబ్బరు కిటికీలోంచి చీలి బయటికొచ్చింది, పప్పు గోడకు, కప్పుకు చిమ్మింది, మూత మాత్రం కదల్లేదు. రెండుసార్లు సున్నం వేసినా ఆ పసుపు మరక ఇంకా కనపడుతూనే ఉంది. అమ్మ దాన్ని చూసి ఇప్పటికీ "ఆ రోజు దేవుడున్నాడు" అంటుంది. నేనైతే ఆ కిటికీని కొలత ప్రకారం కోసిన ముక్కూమొహం తెలియని కార్మికుడున్నాడంటాను. ఆ మూత కూడా డూప్లికేటు అయ్యుంటే ఈ కాలమ్ రాసే ఓపిక నాకు ఉండేది కాదు.

అసలు కుక్కరు ఉన్నవాళ్ళు గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చని కాదన్నమాట. డూప్లికేటు మన ఇంట్లోకి పెట్టెలో వచ్చేది తక్కువ, రబ్బరుగా, ప్లగ్గుగా, విజిల్‌గా వచ్చేదే ఎక్కువ. "అన్ని కంపెనీలకూ సరిపోద్ది" అని ఇచ్చే రబ్బరు ఏ కంపెనీకీ సరిగ్గా సరిపోదు. రబ్బరు మార్చేటప్పుడు పాతదాన్ని, వీలైతే మూతను కూడా కొట్టుకు పట్టుకెళ్ళి, ఆ కంపెనీదే అడిగి తెచ్చుకోవాలి. నాలుగు రూకలు ఎక్కువైనా సరే.

చట్టం తన పని కొంత చేసింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని ఇంటి కుక్కరు మన దేశంలో అమ్మకూడదు. కొలతల పుస్తకం నంబరు ఐఎస్ 2347. అయినా అమ్ముతూనే ఉన్నారు, చిన్న కొట్లవాళ్ళే కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఆ నిబంధన వచ్చాక కూడా నాసిరకం కుక్కర్లు తమ వేదిక మీద అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు చెరో లక్ష జరిమానా వేసింది. అమెజాన్‌లో 2,265, ఫ్లిప్‌కార్ట్‌లో 598 కుక్కర్లు అలా పోయాయని లెక్క తేల్చి, కొన్నవాళ్ళందరికీ కబురు చేసి వెనక్కి తీసుకోమంది. ఆ రెండు సంస్థలూ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. 2025 మార్చిలో ఢిల్లీలో అమెజాన్ గోదాములో భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ళు సరైన ముద్ర లేని వస్తువులు 3,500కు పైగా పట్టుకున్నారు, వాటిలో మిక్సీలు, గీజర్లు ఉన్నాయి. ఫోనులో కొంటే అసలుదే వస్తుందని మా వీధి పిల్లలకున్న నమ్మకం, పేటలో కొంటే అసలుదే వస్తుందని మా అమ్మకున్న నమ్మకం లాంటిదే.

ఐఎస్ఐ అనేది పాత సంస్థ పేరు. 1987లోనే అది బీఐఎస్ అయింది, ముద్రకు మాత్రం పాత పేరే నిలిచింది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా వచ్చినా అమ్మ ఇప్పటికీ మనది గుంటూరు జిల్లా అన్నట్టు. ఆ ముద్ర కూడా ఉత్త బొమ్మ కాదు. పైన ఐఎస్ 2347 అని ఉండాలి, కింద సీఎం/ఎల్ అని ఉండి పక్కన అంకెలు ఉండాలి. అంకెలు లేని ముద్ర గోడ మీది పులి బొమ్మ. అంకెలున్నా నమ్మనక్కర్లేదు. ఫోనులో బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ అంకెలు కొడితే లైసెన్సు ఎవరి పేరున ఉందో, ఏ వస్తువుకు ఇచ్చారో, ఇంకా చెల్లుతుందో లేదో చెబుతుంది.

ఆ రోజు కొట్లో నేనదే చేశాను. అమ్మ, కొట్టాయన, స్టూలు మీద ఎక్కిన కుర్రాడు ముగ్గురూ నా ఫోనులోకి తొంగిచూశారు. అంకెలు నిజమైనవే. లైసెన్సు మాత్రం కరెంటు వైర్లు చేసే వేరే ఎవరిదో. కొట్టాయన మొహం చూస్తే ఆయనకు కూడా అప్పుడే తెలిసినట్టుంది. "ఏజెంటు ఇచ్చిపోతాడమ్మా, మేం ఇదంతా ఎక్కడ చూస్తాం" అన్నాడు. చూడాల్సింది ఆయనే. దొంగ ముద్ర సరుకు అమ్మితే బీఐఎస్ చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు, లేకపోతే కనీసం 2 లక్షల జరిమానా, ఒక్కోసారి రెండూ. అంతకంటే ఆయనకు దగ్గరి ముప్పు మరొకటుంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, సరుకు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలి, తయారుచేసినవాడి ఆచూకీ దొరక్కపోతే అమ్మినవాడే బాధ్యుడు. ఇది చెప్పాక ఆయన నాకు కుర్చీ వేశాడు.

బిల్లు లేకపోతే మాత్రం ఆ చట్టం మనకు పనికిరాదు. మన ఊళ్ళలో "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్ది" అనగానే మనమే "వద్దులే" అనేస్తాం. ఆ నాలుగు నోట్లు మిగుల్చుకుని, 1915కి ఫోన్ చేసి చెప్పడానికి చేతిలో కాగితం లేకుండా చేసుకుంటాం.

అమ్మ ఇవేవీ వినడం లేదు. నా ఫోను సంగతి తేలాక తను రెండు కుక్కర్లనూ పెట్టెల్లోంచి తీయించి చెరో చేత్తో పట్టుకుని చూసింది. ఒకటి తేలిపోయింది. మూతలు తీసి వేళ్ళతో అంచు చుట్టూ తడిమింది. మూత బిగించి తిప్పి చూసింది, ఒకటి గరగరలాడుతూ రెండు చోట్ల పట్టింది. చివరికి ప్లగ్ మీద గోరు పెట్టి గీసి, ఆ డూప్లికేటును కౌంటరు మీద పక్కకు జరిపింది. తాలు కుప్ప వైపు కాయను విసిరే ఆ చెయ్యి నాకు గుర్తొచ్చింది. "ఇందాకే ఇట్టా చూడొచ్చుగదమ్మా" అంటే, "ఇంగ్లీషు సామానుగదే, నాకేం తెలుసుద్దిలే అనుకున్నా" అంది.

అసలుదే కొన్నాం, బిల్లుతో. ఇంటికొచ్చాక అమ్మ అటక మీద నుంచి బోల్టు బిగించిన పాత కుక్కరును దింపింది. మర్నాడు పాత సామాన్ల అతను వస్తే ఇచ్చెయ్యబోతూ ఆగి, లోపలికెళ్ళి రోకలి తెచ్చి, ఆ మూత మీద బలంగా రెండు దెబ్బలు వేసింది. మూత అంచు లోపలికి వంగిపోయింది. "ఎందుకు పెద్దమ్మా పాడుచేస్తన్నావు" అని అతను నొచ్చుకున్నాడు. "తూకం తగ్గదులేరా" అంది అమ్మ, తక్కెడ వైపు చూస్తూ.