అయిదు పేర్లు, ఒక కాలం: కోట వెంకటాచలం అశోక కాలనిర్ణయంపై విమర్శ

అశోకుడు క్రీ.పూ. పదిహేనవ శతాబ్దివాడన్న వాదం తెలుగు పాఠకులకు ప్రధానంగా కోట వెంకటాచలం రచనల ద్వారా పరిచితం. 1953లో వెలువడిన ‘ది ప్లాట్ ఇన్ ఇండియన్ క్రోనాలజీ’ మొదలైన గ్రంథాలలో ఆయన పురాణ వంశావళులను ఆధారం చేసుకొని, బుద్ధ పరినిర్వాణాన్ని క్రీ.పూ. 1807లోను, అశోకుని రాజ్యారంభాన్ని 1472లోను నిలిపారు. అలెగ్జాండరు సమకాలికుడు మౌర్య చంద్రగుప్తుడు కాడనీ, గుప్తవంశపు చంద్రగుప్తుడనీ వారి సిద్ధాంతం.

ఈ వాదాన్ని చదవకుండానే తోసిపుచ్చడం న్యాయం కాదు. 1793లో విలియం జోన్స్ ప్రకటించిన కాలగణన, గ్రీకుల ‘సాండ్రకోటస్’ మన చంద్రగుప్తుడేనన్న ఒక్క నామసామ్యం మీద నిలిచింది. చంద్రగుప్తులు ఇద్దరున్న దేశంలో ఒక్క పేరు చాలదని వెంకటాచలం పట్టుబట్టడం సహేతుకమే.

అయితే 1838లో ప్రిన్సెప్ గిర్నార్ శాసనంలో గ్రీకు రాజుల పేర్లను గుర్తించిన తరువాత సమస్య స్వరూపమే మారింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కించిన పద్నాలుగు ధర్మలిపులలో పదమూడవది అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుదర అనే అయిదుగురు రాజులను ఒకేచోట పేర్కొంటుంది. వీరు వరుసగా సిరియా ఆంటియోకస్, ఈజిప్టు రెండవ టాలమీ, మాసిడోనియా ఆంటిగొనస్ గొనాటస్, సైరీన్ మగస్, ఎపిరస్ లేదా కోరింథ్ అలెగ్జాండరు. చివరివాని విషయంలోనూ, అంతియోకుడు మొదటివాడా రెండవవాడా అన్నదానిలోనూ చర్చ ఉన్నది. ఎవరిని గ్రహించినా అయిదుగురూ కలిసి పాలించిన కాలం క్రీ.పూ. 272, 250ల నడుమనే ఇమిడిపోతుంది. ఒక పేరు యాదృచ్ఛికం కావచ్చు. అయిదు పేర్లు ఒకే తరంలో కుదరడం యాదృచ్ఛికం కాదు. వెంకటాచలం ఒక్క పేరుకు వర్తించే సందేహాన్ని అయిదింటికీ వర్తింపజేశారు.

వీరు వాయవ్య సరిహద్దులలోని భారతీయ యోన రాజులేనని ఆయన సమాధానం. శాసనపాఠం దీనికి అవకాశమివ్వదు. అదే పదమూడవ ధర్మలిపి తన ఏలుబడిలోని జనులలో యోనులను కాంబోజులతో, ఆంధ్రులతో, పుళిందులతో పాటు వేరుగా పేర్కొన్నది. అంతియోకుని రాజ్యాన్ని ఆరువందల యోజనాల దూరంలో చూపింది. రెండు యోన ప్రస్తావనలను ఒకటి చేస్తే శాసనకర్త పాటించిన భేదమే చెరిగిపోతుంది.

1958లో కాందహారులో బయటపడిన గ్రీకు, అరామిక్ ద్విభాషా శాసనం గ్రంథ ప్రచురణ నాటికి లేదు గనుక, దానిని విస్మరించారని అనడానికి వీలులేదు. నేడు ఆ వాదాన్ని పునరుద్ధరించేవారికి ఆ సౌకర్యం లేదు. అందులో ‘పియోదస్సేస్’ అన్న ప్రియదర్శి నామం గ్రీకు లిపిలో ఉన్నది. క్రీ.పూ. 1472లో ఈజిప్టును మూడవ తుత్మోస్, హత్షెప్సుత్ పాలిస్తున్నారు. టాలమీలు లేరు, గ్రీకు వర్ణమాల ఇంకా పుట్టలేదు.

బౌద్ధులకు ఇంతకన్న ముఖ్యమైన చిక్కు మరొకటి ఉన్నది. 1807కూ 1472కూ మధ్య 335 ఏండ్లు. దీపవంస, మహావంసాలు పరినిర్వాణానికి అశోకుని అభిషేకానికి మధ్య 218 ఏండ్లు చెప్పాయి. ఉత్తరదేశపు సంప్రదాయం అశోకుణ్ణి సుమారు నూరేండ్లకే నిలిపింది. విదేశీ పండితుల కుట్ర నుండి స్వదేశీ సంప్రదాయాన్ని కాపాడబూనిన గణన, ఆ సంప్రదాయపు రెండు సాక్ష్యాలనూ ఒకేసారి వదులుకున్నది. ఈ అసంగతి అశోకుని విదేశీ సమకాలికుల ప్రసక్తి లేకుండానే తేలుతుంది.

మరొక వైపు కూడా జాగ్రత్త అవసరం. అయిదు పేర్లు స్థిరపరిచేది అశోకుణ్ణి మాత్రమే, బుద్ధుణ్ణి కాదు. అభిషేకాన్ని 268గా తీసుకుంటే, 218 కలిపినవారికి పరినిర్వాణం 486, నూరు కలిపినవారికి 368; థేరవాద దేశాల సంప్రదాయ గణన 544. పాఠ్యపుస్తకాలు ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకొని, అది ఎర్రగుడి శాసనమే చెప్పినంత నిశ్చయంగా అచ్చువేస్తున్నాయి.