పాముల మేతకై ఎలుకల పెంపకము: ఒక విమర్శ

ఎలుక పాముకు ఆహారమని చిన్నపిల్లలకు సైతము తెలియును. పొలములో ఈ సంబంధమును ప్రకృతియే నడుపును. అక్కడ ఎలుక తప్పించుకొనవచ్చును, పాము పస్తుండవచ్చును. కాని అమెరికా, బ్రిటన్ వంటి దేశములలో కుక్కను, పిల్లిని పెంచినట్లు ముచ్చటకు పామును పెంచుట వాడుకలోనికి వచ్చిన తరువాత ఈ భారము మనుష్యునిపై పడినది. పామును పెట్టెలో ఉంచినవాడు దానికి ఎలుకను సమకూర్చవలెను. ఆ ఎలుక మరొక పెట్టెలో పుట్టి పెరుగవలెను. పాము పెట్టెలోని వేడిని, తేమను దినదినము కొలుచువారు ఎలుక పెట్టెను గురించి అంతగా ఆలోచింపరు. 'ఎట్లును చచ్చునదే కదా' అను భావమే ఈ పెంపకమునకు మూలదోషము. ఈ భావము కరుణకే కాక శాస్త్రమునకు కూడ విరుద్ధమైనది.

ఇట్లు పెంచబడు పాములలో రెండు ముఖ్యమైనవి. మొదటిది అమెరికా ఆగ్నేయ ప్రాంతపు కార్న్ స్నేక్. మన జెర్రిపోతు వలె విషము లేనిది. రెండవది ఆఫ్రికా ఖండపు బాల్ పైథాన్ అను చిన్న కొండచిలువ. వీని మేతకు చిట్టెలుక, పెద్ద ఎలుకల పెంపుడు జాతులను వాడుదురు. అంగడిలో వయస్సును బట్టి వీనికి పేర్లు కలవు. వెంట్రుకలు మొలవని గులాబిరంగు కూనలు 'పింకీ'లు. నూగు వచ్చినవి 'ఫజ్జీ'లు. కండ్లు తెరచి గెంతునవి 'హాపర్'లు.

మెచ్చదగిన అంశములు

ఈ పద్ధతిలో మంచి లేకపోలేదు. అనుభవముగల పోషకులు నేడు ప్రాణముతో ఉన్న ఎలుకను పాము పెట్టెలో విడువరు. ముందే చంపి, గడ్డకట్టించి నిలువచేసిన ఎలుకను కరగించి ఇచ్చెదరు. దీనివలన ఎలుకకు భయము తప్పును. పాముకు గాయము తప్పును. ఆకలిలేని పాము వద్ద విడిచిన ఎలుక దానినే కొరికి పెద్ద పుండ్లు చేయుట కలదు. ఎలుకను మొత్తముగా మ్రింగుట వలన దాని ఎముకల నుండి కాల్షియము, కాలేయము నుండి ఎ విటమిను పాముకు లభించును. ఉత్త మాంసపు ముక్కలు ఇందుకు సాటిరావు. బయట పట్టిన ఎలుకలలో విషము తిన్నవి, రోగములు గలవి ఉండవచ్చును గనుక వానిని వాడకుండుట కూడ వివేకమే.

లెక్కలోని లోపము

మేత కొనుటకన్న ఇంట ఎలుకలను పెంచుట లాభమని చెప్పువారు ముందు పెట్టునది లెక్క. చిట్టెలుక గర్భకాలము 19 నుండి 21 రోజులు. ఒక ఈతకు ఆరు నుండి ఎనిమిది పిల్లలు సామాన్యము. ఈనిన 24 గంటలలోపుననే తల్లి మరల చూలుకు సిద్ధపడును. పిల్లలు మూడు వారములలో పాలు మానును. ఆరు నుండి ఎనిమిది వారములలో తామే పిల్లలను కనగలవు.

ఈ అంకెలు నిజమే. వీని నుండి తీసిన ఫలితమే సరికాదు. పెరిగిన కార్న్ స్నేక్ వారమునకో రెండు వారములకో ఒక చిట్టెలుకను తినును; అనగా ఏడాదికి 26 నుండి 52. ఒక మగ, రెండు ఆడ చిట్టెలుకలున్న చిన్న మందలో నెలకొక ఈత, ఈతకు ఏడు పిల్లలు చొప్పున లెక్కించిన, ఏడాదికి 168 పిల్లలు పుట్టును. పాముకు గరిష్ఠముగా 52 పోగా మిగిలిన 116 ఏమి కావలెను? మగ, ఆడ పిల్లలను సకాలములో వేరు చేయనిచో అవియు ఈనుట మొదలిడును. ఒక్క పాము కొరకు ఎలుకల మందను పెంచువాడు ఆ పాము తినలేనన్ని ఎలుకలను పుట్టించుచున్నాడు. వందల పాములను పెంచువాని విషయము వేరు. ఒకటి రెండు పాములున్నవానికి ఈ పెంపకము పొదుపు కానే కాదు.

తల్లిని గురించి కూడ ఈ లెక్క ఆలోచింపదు. మగదానిని ఎల్లప్పుడు కలిపి ఉంచినచో ఆడ ఎలుక ఒక ఈత పిల్లలకు పాలిచ్చుచు రెండవ ఈతను మోయుచుండును. అట్టి సమయమున పిండములు గర్భాశయపు గోడకు అంటుకొనుట ఆలస్యమై గర్భకాలము కొన్ని రోజులు పెరుగును. ప్రకృతియే ఇట్లు వేగమును తగ్గించుచుండగా, విశ్రాంతి లేక ఈనించి, ఈతలు తగ్గగానే తల్లిని కూడ మేతలో కలుపుట ఉత్తమ పెంపకమనిపించుకొనదు.

రెండు కొలతలు

ప్రయోగశాలలో పెరుగు చిట్టెలుకకు వ్రాతపూర్వకమైన కొలతలు కలవు. అమెరికాలో 1963లో మొదట వెలువడి, 2011లో ఎనిమిదవ కూర్పు పొందిన ప్రయోగశాలా జంతు సంరక్షణ మార్గదర్శిని ప్రకారము, 25 గ్రాములకు మించిన చిట్టెలుకకు కనీసము 97 చదరపు సెంటీమీటర్ల నేల కావలెను. పిల్లలు గల తల్లికి 330, పిల్లలు గల పెద్ద ఎలుక తల్లికి 800 చదరపు సెంటీమీటర్లు కావలెను. పెట్టె ఎత్తు చిట్టెలుకకు దాదాపు 13 సెంటీమీటర్లు, పెద్ద ఎలుకకు దాదాపు 18.

ఇవి ఉదారమైన కొలతలు కావు. 18 సెంటీమీటర్ల ఎత్తులో పెద్ద మగ ఎలుక వెనుకకాళ్లపై నిటారుగా నిలువజాలదు. అయినను ఇవి ఒక హద్దును ఏర్పరచినవి. చట్రములో సొరుగుల వలె పేర్చిన మేత ఎలుకల డబ్బాలలో పలుచోట్ల ఈ హద్దు కూడ కానరాదు. ఒక మగ, పిల్లలు గల రెండు ఆడ చిట్టెలుకలు ఉన్నచోట పై లెక్కనే 750 చదరపు సెంటీమీటర్లకు పైగా నేల ఉండవలెను. చిట్టెలుక జాతి ఒక్కటే; దాని ఊపిరి, చర్మము, భయము ఒక్కటే. అది పరిశోధకుని చేతికి పోవునా, పాము నోటికి పోవునా అనుదానిని బట్టి దాని అవసరములు మారవు.

ఇరుకు వలన ముందు వచ్చునది దుర్వాసన. మూత్రములోని యూరియాను పక్కలోని బాక్టీరియా అమ్మోనియాగా మార్చును. పెద్ద ఎలుకలలో మైకోప్లాస్మా వలన వచ్చు ఊపిరితిత్తుల వ్యాధిని అమ్మోనియా తీవ్రము చేయునని 1976లోనే నిరూపింపబడినది. పక్కగా వేయు దేవదారు పొట్టులోని సుగంధ తైలములు కాలేయపు ఎంజైములను మార్చునని 1967లోనే తెలిసినది. చిట్టెలుక దేహము చిన్నది గనుక వేడిని త్వరగా కోల్పోవును. దానికి సుఖమైన ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరువ. గదిలో 22 డిగ్రీలున్నప్పుడు అది గూడు కట్టుకొని వెచ్చదనమును సంపాదించును. గుప్పెడు కాగితపు పీలికలతో తీరు ఈ అవసరమును ఖర్చని విడిచిపెట్టువారు, ఆ వేడిని ఎలుక అధికముగా తిను గింజల రూపమున చెల్లింపక తప్పదు.

చంపు విధానము

సాధారణముగా బొగ్గుపులుసు వాయువుతో చంపుదురు. అమెరికా పశువైద్య సంఘము 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము, ఈ వాయువును నిమిషమునకు పెట్టె ఘనపరిమాణములో 30 నుండి 70 శాతము చొప్పున క్రమముగా పంపవలెను. ముందుగానే వాయువుతో నింపిన పెట్టెలో ఎలుకను పడవేయరాదు. అప్పుడే పుట్టిన కూనల సంగతి ఇంకను కఠినమైనది. గర్భములో తక్కువ ప్రాణవాయువునకు అలవాటుపడినవి గనుక ఇవి ఆ వాయువులో చాలసేపు బ్రతికియుండును. కదలిక లేదని చనిపోయినట్లు భావించుట పొరపాటు. అంగడిలో అత్యధికముగా చిన్నప్రాణములను కోరునది 'పింకీ'ల బేరమే. సక్రమముగా చంపుట అన్నిటికన్న కష్టమైనదియు వానినే.

రోగముల గొలుసు

ఎలుక పెట్టెలోని నిర్లక్ష్యము పెట్టెలోనే ఆగదు. అమెరికాలో మేత ఎలుకలను పెంచు మూడు కేంద్రములలో 2012లో పనివారిని పరీక్షించిరి. పరీక్షించిన 97 మందిలో 31 మంది రక్తమున లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ అను వైరస్ సోకిన గుర్తులు కనబడినవి. నలుగురికి మెదడు పొరల వాపు వచ్చినది. చిట్టెలుకలలో వైరస్ ఉన్నది. పెద్ద ఎలుకలలో లేదు. తల్లి గర్భములోనే సోకిన చిట్టెలుక పైకి ఆరోగ్యముగా కనబడుచు జీవితాంతము వైరస్‌ను విడుచుచుండును. గర్భిణీ స్త్రీకి సోకిన గర్భస్థ శిశువునకు ప్రమాదము.

సాల్మొనెల్లా విషయమును ఇంకను ఎక్కువమంది ఎరుగవలెను. 2009, 2010 సంవత్సరములలో బ్రిటన్, అమెరికాలలో గడ్డకట్టించిన మేత ఎలుకల మూలమున వందలాది మందికి ఈ వ్యాధి సోకినది; వారిలో పిల్లలు ఎక్కువ. లిథువేనియా నుండి వచ్చు ఇట్టి ఎలుకల దిగుమతిని బ్రిటన్ 2022లో నిషేధించినది. గడ్డకట్టించుట బాక్టీరియాను నిద్రపుచ్చునే గాని చంపదు. వంటయింటి గిన్నెలో ఎలుకను కరగించినవాడు ఆ బాక్టీరియాను మేల్కొలిపి తన భోజనపు బల్లపైకి ఆహ్వానించుచున్నాడు.

తరగతి గదిలో

మన దేశమున ఈ ముచ్చటకు చట్టమే అడ్డు. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి దేశీయ సర్పములను ఇంట ఉంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. కాని చిట్టెలుకలు మన ప్రయోగశాలలలోను, పెంపుడు జంతువుల అంగళ్లలోను కలవు. కనుక ఈ విమర్శ పాములను పెంచువారికి మాత్రమే వర్తించునది కాదు.

ఉపాధ్యాయులు పై లెక్కను విద్యార్థులచేత చేయించవచ్చును. మూడు ఎలుకలతో మొదలిడి, పిల్లలను వేరు చేయనిచో ఆరు నెలలలో మంద ఎంతగునో అంచనా వేయుమనిన, జనాభా పెరుగుదల పాఠము వారికి చక్కగా బోధపడును. పిదప ఆ మందకు కావలసిన నేల, నీరు, గింజలు, శుభ్రపరచు శ్రమ ఎంతయో లెక్కింపుమనవలెను. మొదటి లెక్క మాత్రమే చేసినవాడు ఎలుకల పెంపకము సులభమనుకొనును. రెండవదియు చేసినవాడు మందను ప్రారంభించుటకు ముందే, ఒకటి రెండు పాములకు కావలసిన మేతను బాధ్యతతో పెంచు పెద్ద కేంద్రము నుండి కొనుట మేలని తెలిసికొనును.