రుక్మిణి గుజ్జెనగూళ్ళు

పోతన భాగవతం దశమ స్కంధంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణించే సీసపద్యం ఒకటి ఉంది. కల్యాణకథలోకి వెళ్ళే తొందరలో తరగతుల్లో దానికి ప్రతిపదార్థం చెప్పి, కన్యకా వర్ణన అన్న ఒక్క మాటతో ముగిస్తుంటారు. ఆ పద్యం అంతకన్న ఎక్కువ శ్రద్ధకు తగినదని మా అభిప్రాయం.

సంస్కృత మూలంలో ఈ ఆటలు లేవు. భీష్మకునికి ఐదుగురు కొడుకులు, ఒక కూతురు అని చెప్పి, ఆమె ముకుందుని గుణాలు విన్న ఘట్టానికి మూలం నేరుగా వస్తుంది. పోతన మాత్రం మధ్యలో ఆగి పిల్లను ఆడుకోనిచ్చాడు. బొమ్మలకు పెళ్ళిళ్ళు చేసి చెలులతో వియ్యమందుతుంది. గుజ్జెనగూళ్ళు వండించి పెట్టిస్తుంది. తీగలు పెంచుతుంది, ఊయలలూగుతుంది, బంతులాడుతుంది, చిలుకలకూ గోరువంకలకూ చదువు చెబుతుంది. చివరికి హంసలకు మందగమనం చూపుతుంది. స్త్రీ నడకకు హంసను పోల్చడం కవుల ఆనవాయితీ. ఇక్కడ ఉపమానమే ఉపమేయం దగ్గర పాఠం నేర్చుకుంటోంది. అంటే కవి కూడా పిల్లతో కలిసి ఆటలో దిగాడన్నమాట!

తమిళనాట పెరిగిన మన విద్యార్థులకు గుజ్జెనగూళ్ళు అంటే తెలియకపోవచ్చు గాని, కూట్టాంజోరు అంటే చప్పున తెలుస్తుంది. నాచ్చియార్ తిరుమొళిలో ఆండాళ్ చెలులు తమ ఇసుక గూళ్ళను చెరపవద్దని కణ్ణన్‌ను వేడుకునేదీ ఈ లోకమే. ఇసుక అన్నమవుతుంది, ఆకు విస్తరవుతుంది. వైగోత్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో చేసిన ప్రసంగంలో, కర్ర గుర్రమైనప్పుడు పిల్లవాడి మనసులో అర్థం వస్తువు నుంచి విడివడుతుందని, ఆటలో వాడు తన వయసును మించి ప్రవర్తిస్తాడని వివరించాడు. చదువుకోవలసిన రుక్మిణి చిలుకకు గురువు కావడం సరిగ్గా అదే.

వంట, వడ్డన, పెళ్ళి – ఆడపిల్లకు ఆటలోనే సంసారం అప్పజెప్పారని ఆక్షేపించవచ్చు. సబబే. పైగా వండించడం, పెట్టించడం అన్న ప్రేరణార్థకాలు రాచబిడ్డ పెత్తనాన్ని కూడా చెప్పకనే చెబుతున్నాయి. అయితే బొమ్మలకు సంబంధాలు కుదిర్చిన ఈ పిల్లే, అన్న రుక్మి శిశుపాలునికిస్తానన్నప్పుడు ఒప్పుకోక, అగ్నిద్యోతనుని చేత కృష్ణునికి కబురు పంపింది. ఆటకూ ఆ సాహసానికీ కార్యకారణ సంబంధం ఉందని పోతన చెప్పలేదు, మేమూ అనము. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవమని మాత్రం కోరుతున్నాము.

బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివే మన ఇళ్ళ పిల్లలు అమ్మా నాన్నా ఆట ఆడేటప్పుడు చాలాసార్లు అమ్మ మాటల్లోనే మాట్లాడతారు. వాచకంలో దొరకని బుజ్జగింపులు, గదమాయింపులు, వియ్యపురాలి ఎత్తిపొడుపులు అప్పుడు బయటికి వస్తాయి. పక్కనున్న పెద్దలు లక్కపిడతల పేర్లు అప్పజెప్పించడం మొదలుపెడితే అది పరీక్ష అవుతుంది. వడ్డించిన ఇసుకను తిన్నట్టు నటించి, ఉప్పు చాలలేదని అంటే చాలు; ఆ వంటమనిషి దానికి జవాబు తెలుగులోనే వెతుక్కుంటుంది.