పట్టా లేనివాళ్ల పాట

2002లో 'కుబుసం' సినిమాతో ఊరూరా మోగిన గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటలో ఏడ్చేది రైతొక్కడే కాదు, కుమ్మరీ కమ్మరీ కూడా. ఆ పాట బలమంతా అక్కడుంది. 1894 భూసేకరణ చట్టం భూమిలో హక్కున్నవాడికే పరిహారమంది. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు కోసం ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు సెంటు భూమి లేని దూదేకుల సాయిబు ఏ లెక్కలోకొస్తాడు? ఊరి మీద ఆధారపడి బతికే భూమిలేనివాళ్లను చట్టం 2013లో గానీ గుర్తించలేదు. పాట అంతకుముందే గుర్తించింది.

అయినా ఒక బాకీ మిగిలింది. పీర్ల గుండం చుట్టూ అన్ని కులాలూ కలిసి పాడతాయి. ఊరు చెదిరితే పాట గుర్తున్నా పాడే గుంపుండదు. ఈ నష్టానికి పట్టా ఎక్కడిది? ఇది మనమే రాయాలి, మనమే పాడాలి.