రిజిస్టరులో లేని గడి: వట్టికోట రచనల్లో నమోదు, బాధ్యత

1. ప్రవేశిక

ఏ సంస్థ అయినా తాను అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులనే రికార్డుగా భద్రపరుస్తుంది. అడగని ప్రశ్నకు రిజిస్టరులో గడి ఉండదు. దస్త్రాల నిర్వహణలో బాధ్యత అంటే కాగితాన్ని చెదల నుండి కాపాడటం ఒక్కటేనా, గడిలో చేరనిదాన్ని గుర్తించటం కూడానా? నిజామాబాదుతో ముడిపడిన వట్టికోట ఆళ్వారుస్వామి రచనల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

2. జైలు రిజిస్టరు - జైలు కథ

1948లో ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్య నిజామాబాదు జైలులో కలిసి ఉన్నారు. దాశరథి అక్కడి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. జైలు దృష్టిలో అది గోడను పాడుచేయటం. సాహిత్య చరిత్ర దృష్టిలో మూలప్రతి. బొగ్గురాత నిలవలేదు, పద్యం నిలిచింది. 1949లో వెలువడిన 'అగ్నిధార' ఆళ్వారుస్వామికే అంకితమైంది. ఒక సంస్థ చెరిపివేయదగినదిగా భావించినది మరొక తరానికి ప్రధానాధారం కావచ్చునని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథలు ఈ విషయాన్ని మరింత ముందుకు తీసుకువెళ్తాయి. ఖైదీని గురించి జైలుకు కావలసినవి పేరు, నేరం, శిక్ష, విడుదల తేదీ. 'పరిసరాలు', 'విధిలేక', 'అవకాశమిస్తే' అనే కథల పేర్లను ఆ రిజిస్టరులో లేని గడులకు శీర్షికలుగా చదువుకోవచ్చు. వీటిని మానవతావాద కథలుగా మాత్రమే పరిగణిస్తే, నమోదు పద్ధతిపై వాటిలోని విమర్శ మరుగున పడుతుంది.

అయితే కథ రికార్డుకు ప్రత్యామ్నాయం కాదు. ఖైదీ విడుదల కావలసిన రోజును తేల్చి చెప్పగలిగేది రిజిస్టరే. కథ దానిని రద్దు చేయదు, దాని హద్దును చూపుతుంది.

3. ఖాస్రా పహాణీ - 'ప్రజల మనిషి'

తెలంగాణ భూమి హక్కులకు నేటికీ మూలాధారంగా చూపే ఖాస్రా పహాణీ 1954-55 నాటిది. నిజామాబాదు ప్రాంత గ్రామజీవితాన్ని చిత్రించిన 'ప్రజల మనిషి' నవల 1955లో వచ్చింది. పహాణీ సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు చెబుతుంది. దొర ఆధిపత్యం, వెట్టి ఆ పేరు వెనుక ఎలా పనిచేశాయో నవల చెబుతుంది. భూ చరిత్రకారుడు మొదటిదాన్ని, సాహిత్య పరిశోధకుడు రెండవదాన్ని మాత్రమే తెరిస్తే ఇద్దరికీ సగమే దక్కుతుంది.

4. శక్కర్‌నగర్ దస్త్రాలు

ఈ చర్చకు బోధన్‌లో వర్తమాన ప్రాధాన్యం ఉంది. నిజాం పాలనలో 1937లో స్థాపితమైన చక్కెర కర్మాగారంలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటుపరమైంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఇటువంటి సంస్థ చేతులు మారేటప్పుడు యంత్రాలకు, భూములకు విలువ కడతారు. హాజరు పట్టీలకు, తూకం చీటీలకు, సర్వీసు పుస్తకాలకు ఎవరు విలువ కట్టాలి? అవి కార్మికునికి పింఛను ఆధారం, చెరకు రైతుకు బాకీ రుజువు, పరిశోధకునికి ఒక ప్రాంతపు శ్రమ చరిత్ర.

2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రభుత్వాధికార సంస్థలు రికార్డులను పట్టికలతో, సూచికలతో నిర్వహించాలని నిర్దేశిస్తుంది. యాజమాన్యం మారినప్పుడు పాత దస్త్రాల బాధ్యత ఎవరిదన్నది ఒప్పందంలోనే తేలకపోతే ఆ నిబంధన ప్రయోజనం సన్నగిల్లుతుంది. మరోవైపు, సర్వీసు పుస్తకంలో కార్మికుని అనారోగ్యం, అతనిపై తీసుకున్న చర్యలు కూడా ఉంటాయి. వాటన్నిటినీ బహిరంగపరచటమూ బాధ్యత కాదు. పేర్లను మరుగుపరచి పరిశోధనకు ఇవ్వటం, కార్మికునికి మాత్రం తన పుటను పూర్తిగా చూపటం మధ్యేమార్గం.

5. ముగింపు

ఆళ్వారుస్వామి రచనలను నమోదు దృష్టితో చదివినప్పుడు రెండు కర్తవ్యాలు స్పష్టమవుతాయి. ఉన్న రికార్డును సంస్థ కాపాడాలి. అది వదిలిన ఖాళీని సాహిత్యం, మౌఖిక చరిత్ర పూరించాలి. బోధన్ కార్మికుల జ్ఞాపకాలను తెలుగు పరిశోధకులు ఇప్పుడే సేకరించవలసి ఉంది. కాగితం పోయినా నకలు ఎక్కడైనా దొరకవచ్చు. మనిషి జ్ఞాపకానికి నకలు ఉండదు.