అబద్ధమైతే మంచిదే గానీ...

2018 వేసవిలో కాజీపేటలో ఉండే మా మేనత్త, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయి, జాగ్రత్త అంటూ వాట్సాప్‌లో కుటుంబమంతటికీ ఓ సందేశం పంపింది. నేను ఊరుకోవచ్చు కదా! చదువుకున్నదాన్ని అనే గీర ఒకటి ఏడ్చింది నాకు. అది వట్టి వదంతి అని పోలీసులు చెప్పిన వార్త వెతికి పట్టుకుని, అందరూ చూసేలా దాని కిందనే తగిలించాను. సాయంత్రం ఫోనొచ్చింది.

"అబద్ధమైతే మంచిదే బిడ్డా. నిజమైతే నువ్వొచ్చి కావలుంటవా?"

అంతే. ఆ ఏడు బతుకమ్మ పండక్కి కూడా మా గడప తొక్కలేదు.

నవలలు రాసుకునేదాన్ని కనుక, నాకీ నిజనిర్ధారణ రాతలను కూడా రచనలుగానే చూడబుద్ధవుతుంది. వదంతిలో తల్లి ఉంది, పిల్ల ఉంది, చీకటి ఉంది, 'జాగ్రత్తమ్మా' అనే గొంతు ఉంది. దాన్ని ఖండించే రాతలో ఏముందండీ? 'తప్పు' అని ఓ ఎర్ర ముద్ర, కోర్టు తీర్పులాంటి నాలుగు ముక్కలు. నువ్వు తెలివితక్కువదానివి అన్నదొక్కటే చదివేవాళ్లకు తగులుతుంది. మొదటి పేజీలోనే పాఠకురాల్ని తిట్టిన నవలకు రెండో పేజీ ఎవరు తిప్పుతారు?

తప్పు చూపిస్తే కొందరు పాత నమ్మకాన్నే ఇంకా గట్టిగా పట్టుకుంటారని 2010లో నైహాన్, రీఫ్లర్ అనే అమెరికా పరిశోధకులు రాశారు. మా అత్తమ్మను చూసే రాశారేమో అనుకున్నాను. కానీ తర్వాత వుడ్, పోర్టర్ అనేవాళ్లు పదివేల మందికి పైగా అడిగి చూస్తే అలాంటిది దాదాపు కనబడనే లేదట. నిజం చెబితే చాలామంది వింటారట. ఆలోచిస్తే మా అత్తమ్మా విన్నది సుమండీ! మర్నాటి నుంచి మనవణ్ణి వీధిలో ఆడుకోనిచ్చింది. ఆవిడ నొచ్చుకున్నది నేను పదిమందిలో చెప్పినందుకు.

ఆ రోజుల్లోనే జోగులాంబ గద్వాల జిల్లాలో జరిగింది చూడండి. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకునే జనం రాత్రిళ్లు తలుపులు బిగించుకుంటున్నారని ఊళ్లు తిరిగే ఓ కానిస్టేబుల్ కనిపెట్టాడట. ఎందుకని అడిగితే ఫోన్లలో ఈ సందేశాలే. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లను పోలీసులకు అప్పగించారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగారు, ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, డప్పు కొట్టి పాటలు పాడారు. ఆమె పరిధిలోని సుమారు 400 ఊళ్లలో ఆ వదంతికి ఒక్క ప్రాణం పోలేదు.

జులైలో పొరుగునే ఉన్న బీదర్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన స్నేహితుల్లో ఒకరు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, వాళ్లలో ఓ యువ ఇంజనీరును జనం కొట్టి చంపారు. వాట్సాప్ కంపెనీవారు ఆ నెలలోనే పత్రికల్లో పేజీ నిండా పది సూచనలు అచ్చువేయించారు. సూచనల్లో తప్పేం లేదు. భయపడి తలుపేసుకున్న తల్లి పది సూత్రాలు వరసగా చదువుతుందా? డప్పు మోగితే మాత్రం తలుపు తీసి చూస్తుంది.

అలాగని ప్రతి ప్రదర్శనా పండదు. కోడిమాంసంతో కరోనా వస్తుందన్న వదంతి పోగొట్టడానికి 2020 ఫిబ్రవరిలో తెలంగాణ మంత్రులు హైదరాబాద్ వేదిక మీద చికెన్ తిన్నారు. "పుణ్యానికి పెడితె మేం తినమా!" అంది మా పక్కింటావిడ.

మొన్నీమధ్య అత్తమ్మ మళ్లీ ఒకటి పంపింది. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయని. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి చూసిన మరుక్షణం 'ఫేక్' అని కొట్టింది. అది నిక్కంగా నిజం! అమ్మాయిని ఫోన్లో చీవాట్లు పెట్టి, ఆటో ఎక్కి కాజీపేట వెళ్లాను. అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తలేదు.

"నిజం చెప్పినా అబద్ధమేనా బిడ్డా ఇగ?"

నేనూ పీట లాక్కుని కూర్చుని, చేటలోంచి పిడికెడు కాయలు తీసుకున్నాను.